‘సారీ’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి? తప్పు ఒప్పుకోవడమా, బాధపడటమా?

రామంతపూర్ వాసి

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాడినే తప్ప ఏనాడూ ప్రశ్న అడగలేదు. గత నెలలో మా నాన్నగారు కాలం చేశారు. దశదినకర్మ ముగిసిన మర్నాడు ఇంటి నుంచే ఆఫీసు పని మొదలుపెట్టాను. మాంచెస్టర్‌లో ఉండి మా బృందాన్ని చూసుకునే ఆవిడ వీడియో కాల్‌లోకి రాగానే, పని మాట ఎత్తకుండా, ‘ఐ యామ్ సో సారీ’ అని కాసేపు తల వంచుకుని ఉండిపోయారు. ఏమనాలో తోచక ‘ఇట్స్ ఓకే, నో ప్రాబ్లమ్’ అనేశాను. ఆ మాట అన్న మరుక్షణమే ఏదో తప్పుగా మాట్లాడానని నాకే అనిపించింది.

అప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు కానీ ‘సారీ’ అన్న ముక్క తెలుసు. కాల్ అయిపోయాక, “ఆ పిల్ల ఏం తప్పు చేసింది బిడ్డా, మనకెందుకు సారీ చెప్తున్నది?” అని అడిగింది. ‘వాళ్ల పద్ధతి అమ్మా’ అని దాటవేశాను. నాకే తెలియనిది ఆమెకు ఏం వివరించగలను? తప్పు చేసినవాళ్లు అనే మాటను, తప్పుతో ఏ సంబంధమూ లేనివాళ్లు చావు సందర్భంలో ఎందుకు అంటారు? అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

చిక్కడపల్లి పాఠకుడు

మీ నాన్నగారి విషయం తెలిసి బాధ కలిగింది. మీ ప్రశ్నకు జవాబు తేలికైనదేనని నా అభిప్రాయం. దుఃఖానికి ఇంగ్లీషులో ‘సారో’ అన్న మాట ఉన్నది కదా, ‘సారీ’ దాని నుంచే పుట్టింది. అంటే దుఃఖంలో ఉన్నానని చెప్పడమే. చావు సందర్భంలో వాడటమే అసలు వాడుక, తప్పు సందర్భంలో వాడటం తర్వాత వచ్చినది.

తార్నాక మాస్టారు

చిక్కడపల్లి పాఠకుడు గారు చెప్పిన రెండో మాట సరైనదే, మొదటి మాట మాత్రం సరికాదు. నేను డిగ్రీ కళాశాలలో 31 సంవత్సరాలు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేశాను. ఈ రెండు మాటలూ ఒకే ఇంటివని మొదట్లో నేను కూడా పిల్లలకు చెప్పేవాడిని. తర్వాత సరిచూసుకుని దిద్దుకున్నాను కాబట్టి కొంత వివరంగా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పాత ఇంగ్లీషులో నొప్పికి, గాయానికి ‘సార్’ అన్న మాట ఉండేది. దానికి ‘ఇగ్’ అన్న ప్రత్యయం చేరి ‘సారిగ్’ అయింది. నొప్పి నిండినవాడు, వేదనలో ఉన్నవాడు అని దాని అర్థం. ఈ ‘ఇగ్’ తర్వాతి కాలంలో ‘ఈ’ అన్న పలుకుగా మెత్తబడింది. పాత ఇంగ్లీషులోని దీర్ఘమైన ‘ఆ’ కాలక్రమంలో ‘ఓ’గా మారడం ఆ భాషలో ఒక క్రమం. ఇల్లు అనే ‘హామ్’ నేటి ‘హోమ్’ అయింది, రాయి అనే ‘స్తాన్’ ‘స్టోన్’ అయింది, పడవ అనే ‘బాట్’ ‘బోట్’ అయింది. అదే దారిలో ‘సార్’ నేటి ‘సోర్’ అయింది. గొంతు నొప్పితో మనం ఏ క్లినిక్‌కు వెళ్లినా డాక్టరు గారు చీటీ మీద రాసే ‘సోర్ త్రోట్’లోని ‘సోర్’ అదే. కనుక ‘సారీ’కి సొంత తోబుట్టువు ‘సోర్’.

ఇక ‘సారో’ వేరే ఇంటి బిడ్డ. పాత ఇంగ్లీషులో అది ‘సోర్గ్’. జర్మన్ భాషలో చింతకు, ఆరాటానికి నేటికీ ‘జోర్గె’ అంటారు. అయితే రెండు మాటల అర్థాలూ పక్కపక్కనే ఉండటం వల్ల జనం వాటిని కలిపి చూడటం మొదలుపెట్టారు. ఆ చుట్టరికం ప్రభావం ఉచ్చారణ మీద కూడా పడింది. క్రమం ప్రకారం నడిచి ఉంటే నేడు మనం ‘సోరీ’ అని దీర్ఘంగా పలకవలసింది. పక్కింటి ‘సారో’ లాగడం వల్ల అది పొట్టిదై ‘సారీ’ అయింది. పుట్టుకతో బంధువులు కాని రెండు మాటలు అలవాటు కొద్దీ బంధువులు కావడం ఏ భాషలోనైనా జరిగేదే, కాబట్టి పాఠకుడు గారు పొరపడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

నాకు ఎంతో ఇష్టమైన విషయం మరొకటి చెప్పి ముగిస్తాను. జర్మన్‌లో ‘చాలా’ అనడానికి వాడే ‘జేర్’ కూడా ఈ నొప్పి మాట నుంచే వచ్చింది. నొప్పి పుట్టేంతగా అన్నది పోనుపోను ‘మిక్కిలి’ అయింది. మనం ‘ఆ పాట విపరీతంగా నచ్చింది’ అంటున్నప్పుడు ‘విపరీతం’ అంటే వ్యతిరేకమన్న సంగతి మరిచిపోతాం కదా, అలాగన్నమాట.

బర్కత్‌పురా

మాస్టారు గారికి నమస్కారం. ‘సమ్ వన్ రియల్లీ రిమెంబర్స్ యూ’ అన్న అయిదు మాటల మొదటి అక్షరాలు కలిపితే ‘సారీ’ అవుతుందని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అది నిజమేనా? పైగా అందులో ఉన్నవి అయిదు అక్షరాలు, సరిగ్గానే కుదురుతున్నాయి.

తార్నాక మాస్టారు

కుదిరేలా ఎవరో కూర్చారు కాబట్టే కుదిరింది. ఈ మాట పుట్టిన నాటికి అక్షరాల పొడిమాటలు కట్టే అలవాటే లేదు. ఆ అయిదింటిలో ‘రిమెంబర్’ ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి తర్వాతెప్పుడో వచ్చిన మాట. తర్వాత వచ్చిన మాటతో ముందు పుట్టిన మాట ఎలా తయారవుతుంది? దయచేసి దానిని ఇంకొకరికి పంపకండి.

రాత్రి డ్యూటీ

నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఈ చర్చ నాకు చాలా దగ్గరగా తగిలింది కాబట్టి రాస్తున్నాను, ఊరూపేరూ లేకుండా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

మనవాళ్లకు చావు సందర్భంలోని ‘సారీ’ తెలియదని అనుకోవడం సరికాదేమో. మన సినిమాలలో డాక్టరు ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికి వచ్చి, కళ్లద్దాలు తీసి, ‘సారీ’ అంటాడు. హాలులో కూర్చున్న ముసలమ్మకు కూడా ఆ ఒక్క ముక్కతో సంగతి అర్థమవుతుంది. దశాబ్దాలుగా ఆ దృశ్యం చూస్తూనే ఉన్నాం. కానీ సినిమాలో అర్థమైనట్లుగా సొంత మనిషి విషయంలో అర్థం కాదు. అదే నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, తెల్లవారుజామున ఐసీయూలో ఒక పెద్దాయన పోయారు. డ్యూటీలో ఉన్న డాక్టరు గారు చిన్నవయసువారు, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవారు. బయట బెంచీ మీద కూర్చున్న అటెండెంట్ల దగ్గరికి వచ్చి, ‘సారీ అండి, మేం చేయగలిగిందంతా చేశాం, వెరీ సారీ’ అన్నారు. పెద్దకొడుకు లేచి నిలబడి, ‘సారీ ఏందండీ? ఏం తప్పు జరిగిందో చెప్పండి’ అని పట్టుకున్నాడు. నిజానికి తప్పేమీ జరగలేదు, ఆయన ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాక తీసుకొచ్చారు. గొడవ గంటసేపు నడిచింది. ఆ తర్వాత సీనియర్ సిస్టర్ ఒకరు మమ్మల్ని పిలిచి, ‘ఆ టైంలో సారీ అనకండమ్మా, “నాన్నగారు మనకు దక్కలేదయ్యా” అనండి’ అని చెప్పారు. అప్పటి నుంచి నేను ఆ మాటే అంటున్నాను. ‘మనకు దక్కలేదు’ అంటే, వాళ్లతో పాటు మేం కూడా పోగొట్టుకున్నవాళ్లమే అవుతాం. మళ్లీ నిలదీసినవారు ఎవరూ లేరు.

శాలిబండ

సిస్టర్ గారు, మీరు రాసినది చదివాక కాసేపు మరేమీ చదవలేకపోయాను.

మా ఇంట్లో దక్కనీ మాట్లాడతాం, నాకు తెలుగు బడిలో వచ్చింది. ఉర్దూలో ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు మాటలు ఉన్నందున మాకు ఈ తికమక రాదు. తప్పు జరిగితే ‘మాఫ్ కీజియే’ అంటాం. ఎవరికైనా కష్టం వస్తే ‘బహుత్ అఫ్సోస్ హువా’ అంటాం. చావు ఇంటికి వెళ్లి ‘మాఫ్ కీజియే’ అనే మనిషి హైదరాబాదులో ఎక్కడా ఉండడు. ‘మాఫీ’ అరబ్బీ నుంచి వచ్చినది. దాని ధాతువుకు తుడిచివేయడం, ఆనవాలు లేకుండా చెరిపివేయడం అన్న అర్థం ఉన్నది. ఇసుకలోని అడుగుజాడలను గాలి చెరిపివేసినట్లు అని మా ఉస్తాద్ చెప్పేవారు. తెలుగువారు ‘రుణమాఫీ’ అన్నప్పుడు ఆ అసలు అర్థం చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నది, ఖాతాలో ఉన్న అప్పును తుడిచివేయడమే కదా అది. ‘అఫ్సోస్’ ఫార్సీ మాట. అందులో తప్పూ లేదు, తుడవడమూ లేదు, కేవలం విచారం.

ఇంగ్లీషు ‘సారీ’ ఈ రెండు పనులనూ ఒక్కటే నెత్తిన పెట్టుకుని మోస్తున్నదని నాకు అనిపిస్తున్నది.

మలక్‌పేట తెలుగు పంతులు

శాలిబండ వారు ఎంత చక్కగా చెప్పారు! తెలుగు వైపు నుంచి నేను కొంత చేర్చుతాను. రామంతపూర్ వాసి గారి అమ్మగారి ప్రశ్న ఒక్కటి చాలు, నాలుగు పాఠాలు చెప్పవచ్చు.

మనం తప్పు సందర్భంలో వాడే మాటలను ముందుగా చూడండి. ‘క్షమించు’లోని క్షమకు ఓర్చుకోవడమని అర్థం. భూమికి కూడా క్షమ అన్న పేరున్నది, ఎంత తొక్కినా, ఎంత తవ్వినా ఓర్చుకుంటుంది కాబట్టి. ‘క్షమయా ధరిత్రీ’ అని అందరికీ తెలిసినదే. అంటే ‘క్షమించండి’ అన్నప్పుడు మనం చెబుతున్నది మన లోపలి సంగతి కాదు, ఎదుటివారు ఓర్చుకోవాలని అడుగుతున్నాం. ‘మన్నించండి’ కూడా ఆ దారిదే. మన్నన అంటే గౌరవం. తప్పు చేసినవాడినైనా నా మన్నన పోనివ్వకండని అడగడం అది. ‘ఏమీ అనుకోకండి’, ‘అన్యథా భావించకండి’ అన్నవి కూడా ఎదుటివారి మనసును అడిగేవే. ఇంగ్లీషు ‘సారీ’ ఎదుటివారిని ఏమీ అడగదు. నాకు నొప్పిగా ఉన్నదని మాత్రమే చెబుతుంది. తప్పు చేసినవాడు ‘నేను చేసిన పనికి నాకే నొప్పిగా ఉన్నది’ అని చెప్పుకుంటాడు, వినేవారు దానిని క్షమాపణగా తీసుకుంటారు. తప్పు లేనివాడు ‘మీ కష్టానికి నాకు నొప్పిగా ఉన్నది’ అంటాడు. మాట ఒక్కటే, నొప్పికి కారణం వేరు.

మాస్టారు గారు ‘సారీ’ నొప్పి నుంచి వచ్చిందని రాయగానే నాకు తట్టిన తెలుగు మాట ‘నొచ్చుకోవడం’. నొప్పి, నొవ్వు, నొచ్చు అన్నీ ఒక ధాతువు పిల్లలు. కాలు నొస్తుంది, మనసు నొచ్చుకుంటుంది. ‘విషయం తెలిసి ఆయన చాలా నొచ్చుకున్నారు’ అంటాం. ఒంటి నొప్పి మనసు నొప్పిగా మారిన దారి ‘సోర్’ నుంచి ‘సారీ’కి ఎలాగో, ‘నొప్పి’ నుంచి ‘నొచ్చుకోవడానికి’ కూడా అలాగే. ఎక్కడి ఇంగ్లాండు, ఎక్కడి మలక్‌పేట! కానీ మనం ‘నేను నొచ్చుకున్నాను’ అని ఎదుటివారి ముఖం మీద అంటే నిష్ఠూరమాడినట్లు అవుతుంది, ఇంకొకరి గురించి చెప్పినప్పుడే అది సానుభూతిగా వినిపిస్తుంది. అక్కడ మాత్రం మన దారి వేరు.

మరో సంగతి కూడా చూడండి. ‘పాపం’ అన్న మాటను మనం రెండు విధాలుగా వాడతాం. పాపం చేశాడు అంటే చేయరానిది చేశాడని. ‘అయ్యో, పాపం!’ అంటే జాలి. తప్పుకు పేరైన మాట మన దగ్గర జాలికి పేరైంది. వేదనకు పేరైన మాట వాళ్ల దగ్గర తప్పు ఒప్పుకోలుకు పేరైంది. రెండు భాషలు ఒకే దారిలో ఎదురెదురుగా నడిచినట్లున్నది. అమ్మగారికి చెప్పాలంటే, ఆ మాంచెస్టర్ ఆవిడ అన్నది మన ‘అయ్యో’కు సమానమని చెప్పవచ్చు. ఈ ‘అయ్యో’ 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోకి కూడా చేరింది.

చిక్కడపల్లి పాఠకుడు

నా పొరపాటును సరిదిద్దినందుకు మాస్టారు గారికి కృతజ్ఞతలు. పంతులు గారి వివరణ బాగున్నది కానీ, ఒక విషయంలో నేను ఏకీభవించలేకపోతున్నాను. ‘క్షమించండి’ అన్న మాటను నిత్యజీవితంలో ఎవరు వాడుతున్నారు? కూరగాయల మార్కెట్‌లో ఒకరిని తగిలితే ‘క్షమించండి’ అంటే విచిత్రంగా చూస్తారు. ‘సారీ’ రాకముందు తెలుగువారికి చిన్న పొరపాటుకు చెప్పే మాటే లేదు, కాబట్టి మనకు ఆ సంస్కారమే ఇంగ్లీషు నేర్పింది అనిపిస్తుంది.

మలక్‌పేట తెలుగు పంతులు

మాట లేనిచోట సంస్కారం లేదనడం న్యాయం కాదు. నిన్ననే సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ దగ్గర సిటీ బస్సు ఎక్కాను. కిక్కిరిసి ఉన్నది. ఒక కుర్రవాడి చెప్పుకాలు పక్కన కూర్చున్న పెద్దమనిషి పాదానికి తగిలింది. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. వంగి, కుడిచేతి వేళ్లతో ఆయన మోకాలిని తాకి, ఆ వేళ్లను తన కళ్లకు అద్దుకున్నాడు. ఆయన తల పంకించి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అంతా రెండు క్షణాలు. కాలు తగిలితే దణ్ణం పెట్టుకోవాలని ఆ పిల్లవాడికి అమ్మమ్మో నానమ్మో నేర్పి ఉంటుంది. పుస్తకానికి కాలు తగిలినా, కాగితానికి తగిలినా మనం అదే చేస్తాం. నోటితో చెప్పేదే క్షమాపణ అనుకుంటే ఇదంతా లెక్కకు రాదు.

మాటలు కూడా లేకపోలేదు. మా తెలంగాణ ఊళ్లలో ‘తప్పయింది’ అంటారు. అందులో ‘నేను చేశాను’ అన్న మాట రాదు, అయినా ఒప్పుకోలు పూర్తిగా ఉంటుంది. ‘చూసుకోలేదు’ అన్న ఒక్క మాటతో మార్కెట్‌లో రోజూ ఎన్ని తగాదాలు ఆగిపోతున్నాయో గమనించండి.

చిక్కడపల్లి పాఠకుడు

బస్సులోని సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను కూడా రోజూ చేసే పనే అది, క్షమాపణగా దానిని ఎన్నడూ లెక్కించలేదు.

సివిల్ కోర్టు వకీలు

సిస్టర్ గారు రాసిన సంఘటనకు చట్టం వైపు నుంచి ఒక కొనసాగింపు ఉన్నది. ‘సారీ’కి ఉన్న ఈ రెండు అర్థాల మధ్య చిక్కుకుని కొన్ని దేశాలు ప్రత్యేకంగా చట్టాలే చేసుకున్నాయి. సారీ చెబితే తప్పు ఒప్పుకున్నట్లు అవుతుందేమోనన్న భయంతో డాక్టర్లు, డ్రైవర్లు నోరు విప్పడం మానేశారు, దాని వల్ల బాధితుల కోపం ఇంకా పెరిగింది. అందుకని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2006లో, ఒంటారియో 2009లో, క్షమాపణను తప్పు ఒప్పుకోలుగా కోర్టులో చూపించకూడదని చట్టం చేశాయి. బ్రిటన్ 2006లో చేసిన నష్టపరిహార చట్టం కూడా క్షమాపణ చెప్పినంత మాత్రాన అది నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్లు కాదని రెండో సెక్షన్‌లో చెబుతుంది.

మన దగ్గర కోర్టు ధిక్కార చట్టం 1971 నాటిది. నిందితుడు చెప్పిన క్షమాపణతో కోర్టు తృప్తి పడితే శిక్షను తగ్గించవచ్చు, లేదా వదిలిపెట్టవచ్చని 12వ సెక్షన్ చెబుతుంది. చిత్తశుద్ధితో చెప్పినదైతే, షరతులు పెట్టాడన్న ఒక్క కారణంతో ఆ క్షమాపణను తోసిపుచ్చకూడదని కూడా అందులోనే వివరణ ఉన్నది. పత్రికలలో తరచుగా కనిపించే ‘బేషరతు క్షమాపణ’ చూడండి. ‘బే’ ఫార్సీ, ‘షరతు’ అరబ్బీ, ‘క్షమాపణ’ సంస్కృతం, రాసినవాడు తెలుగువాడు. హైదరాబాదులోనే పుట్టినట్లున్న మాట.

పంతులు గారిని ఒకటి అడగాలి. ‘క్షమాపణ చెప్పాడు’ సరైనదా, ‘క్షమాపణ కోరాడు’ సరైనదా? డ్రాఫ్టు రాసిన ప్రతిసారీ నాకు ఈ సందేహం వస్తుంది.

మలక్‌పేట తెలుగు పంతులు

క్షమాపణ అన్న మాటలోనే క్షమించేటట్లు చేయడం, అంటే క్షమను వేడుకోవడం ఉన్నది. కాబట్టి కోరవలసినది క్షమను, చెప్పవలసినది క్షమాపణను. ‘క్షమాపణ కోరాడు’ అంటే వేడుకోవడాన్ని వేడుకున్నట్లు అవుతుంది. అయితే రెండూ వాడుకలో బాగా స్థిరపడ్డాయి, కోరాడన్నవారిని తప్పుపట్టను. మీ డ్రాఫ్టులో మాత్రం ‘చెప్పాడు’ అని రాయండి.

తార్నాక మాస్టారు

ఈ సందర్భంలో ‘అపాలజీ’ కథ చెప్పకుండా ఉండలేను. గ్రీకు భాషలో ‘అపొలోగియా’ అంటే తనను తాను సమర్థించుకుంటూ చెప్పే మాట. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీసు చేసిన ప్రసంగాన్ని ప్లేటో ఆ పేరుతోనే రాశాడు. అందులో సోక్రటీసు తల వంచడు, తాను చేసినది సరైనదేనని నిలబడి చెబుతాడు. సమర్థించుకోవడానికి పేరైన మాట పోనుపోను తప్పు ఒప్పుకోవడానికి పేరైంది. అందువల్ల ఇంగ్లీషులో ‘సారీ’ గుండె నుంచి వచ్చిన మాట, ‘అపాలజీ’ కోర్టు నుంచి వచ్చిన మాట అని నేను పిల్లలకు చెప్పేవాడిని.

‘సారీ’కి నికృష్టమైన, చూడటానికి జాలి గొలిపే అన్న అర్థం కూడా పదమూడో శతాబ్దం నాటికే వచ్చింది. షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో రాజును చంపి వచ్చిన మాక్‌బెత్, నెత్తురు అంటిన తన చేతులు చూసుకుని ‘దిస్ ఈజ్ ఎ సారీ సైట్’ అంటాడు. అక్కడ క్షమాపణ లేదు. ముందు ‘ఐ యామ్’ ఏదీ లేకుండా ఒంటరిగా ‘సారీ’ అని మాత్రం అనడం రాతల్లో పందొమ్మిదో శతాబ్దంలో గానీ కనిపించదు. మనకు అందినది ఆ ఒంటరి ‘సారీ’. అందుకే దాని వెనుక ఉన్న పాత అర్థం మనకు తెలియకుండా పోయింది.

వకీలు గారు చట్టాల గురించి రాశారు, ప్రభుత్వాలు కూడా ఈ మాట దగ్గర ఎంతో తడబడ్డాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి బలవంతంగా వేరుచేసిన చరిత్ర ఉన్నది. 1999లో ఆనాటి ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో పెట్టిన తీర్మానంలో ‘రిగ్రెట్’ అన్న మాట ఉన్నది, ‘సారీ’ లేదు. ఆ ఒక్క మాట కోసం జనం ఏళ్ల తరబడి అడిగారు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ ప్రధానిగా పార్లమెంటులో నిలబడి ‘సారీ’ అన్నారు. అక్కడి ఆదివాసులు మాట్లాడే ఇంగ్లీషులో చావు సంబంధమైన ఆచారాలను ‘సారీ బిజినెస్’ అంటారు. తప్పు ఊసే లేని, కేవలం దుఃఖానికి సంబంధించిన ఆ పాత అర్థం వాళ్ల నోట ఇంకా సజీవంగా ఉన్నది. అందుకే వాళ్లకు ఆ మాటే కావలసి వచ్చిందేమో అని నాకనిపిస్తుంది.

మనకు సంబంధించినదీ ఒకటి ఉన్నది. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నూరేళ్లు నిండబోతుండగా, 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే తమ పార్లమెంటులో ‘డీప్లీ రిగ్రెట్’ అన్నారు, అధికారికమైన క్షమాపణ చెప్పలేదు. మన నగరంలో రోడ్డు తవ్విన ప్రతిచోటా ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న బోర్డు చూస్తాం. చింతించడం వేరు, క్షమించమనడం వేరు. గుంత పక్కన పెట్టే బోర్డుకు చింత సరిపోతుంది. జలియన్‌వాలాబాగ్‌కు సరిపోదు.

మాధాపూర్ హెడ్‌సెట్

నేను విదేశీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగంలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. రోజుకు ఎన్నిసార్లు ఈ మాట వింటానో, ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. కొత్తగా చేరినవారికి నేను నేర్పే మెలకువ ఒకటుంది. వెనుక వచ్చే మాటను గమనిస్తే సంగతి తెలిసిపోతుంది. ‘సారీ టు హియర్’ అంటే వాళ్లు విన్న కష్టానికి బాధపడుతున్నారు, తప్పు ప్రసక్తి లేదు. ‘సారీ ఫర్ ది డిలే’ అన్నట్లు ‘ఫర్’ తర్వాత వాళ్లు చేసిన పని వస్తే క్షమాపణ. అదే ‘ఫర్’ తర్వాత ‘యువర్ లాస్’ వస్తే మళ్లీ సానుభూతే. ఇవేవీ లేకుండా చివర స్వరం పైకి లేపి ‘సారీ?’ అంటే వినపడలేదు, మళ్లీ చెప్పమని. మనం ‘ఆఁ?’ అంటామే, అది. చేరిన కొత్తలో ఒక కస్టమరు అలా ‘సారీ?’ అంటే నేను ‘పర్వాలేదు సార్’ అని ఊరుకున్నాను. ఆయన మళ్లీ ‘సారీ?’ అన్నాడు. నేను మళ్లీ పర్వాలేదన్నాను. మూడోసారి మా టీమ్ లీడర్ వచ్చి హెడ్‌సెట్ తీసుకున్నారు.

రామంతపూర్ వాసి గారు, మీరు ‘నో ప్రాబ్లమ్’ అన్నందుకు ఆవిడ ఏమీ అనుకుని ఉండరు. కానీ అది తప్పును క్షమించేటప్పుడు అనే మాట. సానుభూతికి ‘థాంక్యూ’ అంటే చాలు. నాన్నగారి గురించి ఒక మాట చేర్చితే ఇంకా బాగుంటుంది, వాళ్లు దానిని ఎంతో ఆదరంగా వింటారు.

రామంతపూర్ వాసి

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని నేను అనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మా ఇంటికి పదిరోజుల పాటు చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరూ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. అమ్మ పక్కన కూర్చుని చేయి పట్టుకున్నారు, ‘ఏం చేస్తాం, మన చేతుల్లో ఏమున్నది’ అన్నారు, పోయేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అని కూడా అనకుండా లేచి వెళ్లిపోయారు. అలా అనకూడదు కదా. అది మన పద్ధతి. ఫోను తెర మీద ఉన్న మనిషి చేయి పట్టుకోలేదు, పక్కన కూర్చోలేదు. ఆవిడ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. పంతులు గారి రాతలు చదివాక నాకు ఈ విషయం తట్టింది.

రాత్రి అన్నం తిన్నాక అమ్మకు చెప్పాను. “ఆమె తప్పేమీ చేయలేదమ్మా, నాన్న సంగతి విని మనసు నొచ్చుకున్నదట, వాళ్ల భాషలో దానికీ సారీ అనే అంటారట” అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి ఆ పిల్లకు నువ్వేం చెప్పినవ్?” అని అడిగింది. ‘పర్వాలేదు అన్నాను’ అని చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున్నే హెడ్‌సెట్ గారు చెప్పినట్లు ఆవిడకు చిన్న ఉత్తరం రాశాను. ఆ రోజు సరిగా బదులివ్వలేకపోయానని, మీ మాట మా అమ్మకు కూడా చేరిందని, మా నాన్న 34 ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా పనిచేశారని, ఉప్పల్ చుట్టుపక్కల ఆయనకు తెలియని గుమ్మం లేదని రాశాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. వాళ్ల తాతగారు కూడా పోస్ట్‌మ్యానేనట.